ఎవరికొరకును కాని బొమ్మ



రాజమహేంద్రవరములో నన్నెఱిగినవారు కొందఱు ఈమధ్య నేను వీథిలో కనబడినప్పుడు నిలిపి, కొంత జాలితోను కొంత కుతూహలముతోను, "బొమ్మలు వేయడం మానేశారటగా?" అని అడుగుచున్నారు. వారపత్రికలలో కథలకు నేను వేయు చిత్రములు కనబడకపోవుటయు, నవలల అట్టలమీద నా సంతకము లేకపోవుటయు, పెద్దల పటములు వ్రాయించుకొనుటకై మా గడప త్రొక్కినవారిలో పలువురను నేను చేతులు జోడించి త్రిప్పి పంపుటయు వారి ప్రశ్నకు కారణములు. వీథిలో నిలుచుండి రెండు మాటలలో చెప్పదగిన సమాధానము నాకడ లేదు. మానలేదనియు, పదునాలుగేండ్లుగా మానియుండిన పనినే ఇప్పుడు తిరిగి మొదలు పెట్టితిననియు చెప్పినచో, వారది చమత్కారమునకై అన్న మాటయని తలంతురు. ఈ సాయంకాలము ఆకాశవాణివారు నాకు కొంత సమయమిచ్చి నచ్చిన విషయమును గూర్చి మాటాడుమన్నప్పుడు, ఆ మిత్రులకు బాకీపడిన సమాధానమునే ఇక్కడ చెప్పుకొందునని వారిని వేడుకొంటిని.

వృత్తిచేత నేను చిత్రకారుడను కాను. ఒక కార్యాలయములో లెక్కలు వ్రాసుకొను ఉద్యోగిని. నెల మొదట వచ్చు జీతముతో మా సంసారము, వైభవముగా కాకున్నను, ఒకరికి చేయి చాపకుండ సాగిపోవుచున్నది. ఈ మాట ముందుగా చెప్పుట అవసరము. నేను చెప్పబోవు విషయమంతయు దీనిమీదనే నిలిచియున్నది.

బొమ్మలు వేయుట నాకు పసితనమునుండి కల యలవాటు. మా యింటి వసారా గోడమీద బొగ్గుతో ఎద్దును వ్రాసినందుకు మా తాతగారు నన్ను చీవాట్లు పెట్టి, మఱునాడుదయమున పండ్లు తోముకొనుచు ఆ గోడయెదుట చాలసేపు నిలిచి, ఎద్దు మెడలో గంట వ్రాయుట మఱచితివేమిరా యని అడిగిరి. ఆ గంట వ్రాసిననాటి సంతోషము నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. ఉన్నత పాఠశాలలో మా డ్రాయింగు మాస్టారు బల్లమీద ఒక కంచుచెంబు నుంచి, పెన్సిళ్లు క్రింద పెట్టించి, గంటలో సగముసేపు మమ్ము ఊరకే దానిని చూడుమనెడివారు. ఆ చూచుట ఎంత కష్టమైన పనియో, వ్రాయుటకంటె ఎంత ముందుగా నేర్వదగినదో అప్పుడు తెలియలేదు. ఉద్యోగములో చేరిన పిమ్మట ఆదివారములు నావి. తెల్లవారకముందే కోటిలింగాల రేవునకు పోయి, మెట్లమీద కూర్చుండి, తెరచాప దించుకొని ఒడ్డుననున్న పడవలను, బట్టలుదుకువారి వంగిన వెన్నులను, దూరమున గోదావరి నీటిమీద గీచిన గీతవలె కనబడు హేవ్‌లాక్ వంతెనను వ్రాసికొనెడివాడను. ఆ వంతెనకు 56 ఖానాలు. పొగమంచులో ఏడో ఎనిమిదో కనబడినచో నేనును ఏడో ఎనిమిదో వ్రాసి, తక్కినవి మంచునకు విడిచిపెట్టెడివాడను. ఈ వంతెనను మీరు కొంచెము గుర్తుంచుకొనుడు. మరల దీనికడకే రావలసియున్నది.

డబ్బు మొదట ఎట్లు వచ్చినదనగా, కథలు వ్రాయు మిత్రుడొకడు తన కథకు నాచేత ఒక బొమ్మ వేయించి కథతోపాటు పత్రికకు పంపెను. కథయు బొమ్మయు అచ్చైనవి. పది దినములకు నా పేర 5 రూపాయల మనియార్డరు వచ్చినది. ఆ 5 రూపాయలను నేను నెలదినములు ఖర్చుచేయలేకపోయితిని. మనియార్డరు కూపను నేటికిని నా పెట్టెలో కలదు. నా యిష్టమునకు గీసికొన్న గీతలకు ఎక్కడనో పట్టణములోని వారొకరు వెలకట్టి, ఆ వెలను తపాలా జవాను చేతికిచ్చి మా వీథిలోనికి పంపుట నాకు ఆనాడు ఒక సన్మానమువలె తోచినది. పిమ్మట రెండవ కథ వచ్చినది, పిమ్మట ఒక నవల అట్ట, పిమ్మట పెండ్లి శుభలేఖలు, క్యాలెండర్లు, నాటక సమాజములవారి తెరలు. నేను పిలువకయే అన్నియు వచ్చినవి. రాగా నేను కాదనలేదు.

ఆ పని నాకు నేర్పిన విద్యను నేను తక్కువచేసి మాటాడను. ఆ దినములలో వారపత్రికలోని కథాచిత్రము లైనుబ్లాకుతో అచ్చుపడెడిది. మనము నల్లని ఇండియను ఇంకుతో వేసిన బొమ్మను ఫొటో తీసి, తుత్తునాగపు రేకుమీదికి దింపి, గీతలు లేనిచోటునంతను ఆమ్లముచేత తినిపించి, మిగిలిన గీతలమీద సిరా పూసి అద్దెడివారు. ఆ రేకునకు నలుపు తెలియును, తెలుపు తెలియును. నడిమి బూడిదవన్నె తెలియదు. నీడ కావలెనన్నచో గీతప్రక్క గీత గీసి, దానిమీద అడ్డగీత గీసి కంటిని మోసపుచ్చవలెను. బొమ్మను అచ్చుకంటె ఒకటిన్నర రెట్లు పెద్దదిగా వేసెడివారము. కుదించినప్పుడు చేతివణకు కనబడకుండుట అందులోని లాభము, దగ్గరగా వేసిన గీతలు ఒకదానికొకటి అంటుకొని మసిముద్దయగుట అందులోని అపాయము. పత్రిక కాగితము సిరాను పీల్చుకొనగా గీత ఉబ్బును గనుక, ఏ గీతకు ఏ గీతకు నడుమ ఎంత తెలుపు విడువవలెనో తెలియుటకు నాకు మూడేండ్లు పట్టినది. ఒక స్త్రీ దుఃఖించుచున్నదని నలువది గీతలతో చెప్పుట ఎవరికైనను వచ్చును; వంగిన మెడయొక్క ఒక్క గీతతో చెప్పవలెనన్నచో ఆ రేకును, ఆ యామ్లమును, ఆ ముతక కాగితమును గురువులుగా సేవింపవలసినదే. నేను సేవించితిని.

ఇక పెద్దల పటముల సంగతి. గతించిన తల్లిదండ్రుల రూపమును గోడమీద నిలుపుకొని, బొట్టుపెట్టి, పూలదండవేయని తెలుగు ఇల్లు అరుదు. అయితే వెనుకటివారు ఫొటో తీయించుకొన్నది జీవితములో ఒకటి రెండు పర్యాయములు మాత్రమే. అదియు ఏ పెండ్లిలోనో నలుబదిమంది నడుమ. ఆ ఫొటోమీద గాజుపలక నుంచి, గడులు గీసి, ఆ గడులనే పెద్దకాగితముమీద పెద్దవిగా గీసి, ఒక్కొక్క గడిలోనిది ఒక్కొక్క గడిలోనికి దించుకొనుచు ముఖమును పెంచవలెను. ఒకమారు ఒక రైతు తెచ్చిన ఫొటోలో అతని తల్లి ముఖము కందిగింజంత యున్నది. "మా అమ్మ ఎప్పుడూ నవ్వు ముఖంతోనే ఉండేదండి. ఇందులో ఎందుకో నవ్వలేదు. మీరు నవ్వించండి బాబూ" అని అతడనెను. మఱియొకరు వచ్చి తల్లి చేతులకు బంగారు గాజులును, మెడలో కాసులపేరును వ్రాయుమని కోరి, కొంతసేపు మౌనముగా నుండి, "బ్రతికుండగా చేయించలేకపోయామండి" అనిరి. నేను నవ్వించితిని, కాసులపేరును వ్రాసితిని. ఆ రైతు తన తల్లి పటమును రెండు చేతులతో పట్టుకొని, దానిని నేను చూపినట్లు గోడకానించి చూడక, ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. ఆ దినమున అతని వద్ద డబ్బు పుచ్చుకొనుటకు నాకు చేయి రాలేదు. పుచ్చుకొనకపోయినచో అతనికి మనసు నిలువదు. ఇట్టి ఘడియలు ఆ పదునాలుగేండ్లలో ఉన్నవి. వానిని నేను కాదనుట లేదు.

మఱి పోయినదేమి?

మొట్టమొదట పోయినవి ఆదివారములు. కాని అది పైకి కనబడు నష్టము. కాలము పోయినచో ఎక్కడనో ఒకచోట కూడబెట్టుకొనవచ్చును. లోలోపల పోయినది చూపు. దారిలో రావిచెట్టు క్రింద కూర్చున్న ముసలివానిని చూచినప్పుడు, వాని మోకాలిమీద చేయి ఎట్లు వ్రాలియున్నదో చూచుట మాని, ఈ ముఖము ఏదైన కథలో కరణమునకు పనికివచ్చునని దాచుకొనుచుంటిని. వర్షము పడుచున్నచో, వర్షమునకు గీతలు ఎటు వాల్చినచో బ్లాకులో బాగుగా వచ్చునో ఆలోచించుచుంటిని. ఎదుటనున్న వస్తువు నాకు వస్తువుగా కాక, రాబోవు ఏదో ఆర్డరునకు సరుకుగా కనబడ నారంభించెను. పూర్వము నాకు ఏడాదికి రెండు బొమ్మల పుస్తకములు నిండెడివి. ఆ పదునాలుగేండ్లలో ఒక్క పుస్తకము ఆరేండ్లు వచ్చినది. దానిలోనివియు అన్నియు ఇతరుల బొమ్మలకు నేను వేసికొన్న చిత్తులే.

అంతకంటెను పెద్ద నష్టము ఒకటి కలదు. నేను దానికి పేరు పెట్టగలుగుటకు చాలకాలము పట్టినది. బొమ్మను సగములో విడిచిపెట్టుటకు నాకుండిన స్వేచ్ఛ పోయినది. వెలకు వేయు బొమ్మ పూర్తి కావలెను. గడువులోపల పూర్తి కావలెను. పుచ్చుకొనువాని దృష్టికి పూర్తియైనట్లు కనబడవలెను. ఒక వర్తకుడు క్యాలెండరునకు గోదావరిని వేయుమని కోరెను. నేను తెల్లవారుజామున మంచులో మునిగిన వంతెనను వేసి యిచ్చితిని. అతడు సౌమ్యుడే, మంచివాడే; బొమ్మను చూచి మెచ్చుకొని, పిమ్మట వ్రేలు పెట్టి లెక్కపెట్టి, "ఖానాలన్నీ కనబడాలి కదండీ, డబ్బిచ్చి వేయించుకొని సగం వంతెన పెట్టుకుంటే ఎలా?" అనెను. డబ్బిచ్చినవాని పక్షమున ఆ మాటలో అన్యాయమేమియు లేదు. నేను మంచును తుడిచివైచి, రెండు రాత్రులు కూర్చుండి ఖానాలన్నియు వేసితిని. క్యాలెండరు అచ్చై ఏడాదిపాటు ఊరిలో ఎన్నో ఇండ్ల గోడలమీద వ్రేలాడినది. దాని యెదుటనుండి పోవునప్పుడెల్ల నేను తలవంచుకొని పోయితిని.

అయినను మానవలెనను తలంపు అప్పటికిని కలుగలేదు. అది కలిగించినది మా చిన్నమ్మాయి. దానికప్పుడు ఏడేండ్లు. కార్తికమాసములో ఒక సాయంకాలము వాళ్లమ్మ రేవులో దీపము విడుచుటకు పోగా, మేమిద్దరము మెట్లమీద కూర్చుంటిమి. నా జేబులో ఒక శుభలేఖయు, పెన్సిలు ముక్కయు ఉన్నవి. ఏమియు తలంపక ఆ శుభలేఖ వెనుకవైపున ఎదుటనున్న నాటుపడవను గీయ మొదలు పెట్టితిని. పిల్ల నా భుజముమీదినుండి తొంగిచూచి, "ఇది ఎవరికి నాన్నా?" అని అడిగినది. ఎవరికీ కాదమ్మా అంటిని. అది కొంచెము ఆలోచించి, "మరి ఎప్పటికిచ్చెయ్యాలి?" అనినది. ఇచ్చునదేమియు లేదని మరల చెప్పితిని. "అయితే ఎందుకేస్తున్నావు?" అని అడిగి, నేను ప్రత్యుత్తరము చెప్పలోపలనే తల్లి దీపమును చూచుటకై పరుగెత్తిపోయినది. పుట్టినది మొదలు ఆ పిల్ల నన్ను బొమ్మలు వేయుచుండగనే చూచినది. ఎవరికొరకును కాని బొమ్మను వేయుచుండగా ఒక్కమారైనను చూచియుండలేదు. తండ్రి బొమ్మ వేయుచున్నాడనగా ఎవరికో ఇయ్యవలసినది ఇచ్చివేయుచున్నాడనియే అది ఎఱుగును. ఆ శుభలేఖ వెనుక పడవ సగమే మిగిలినది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన పూర్వులు ఈ విషయమును ఎట్లు చూచిరో అని ఆ దినములలో పుస్తకములు తిరుగవేసితిని. వాత్స్యాయనుడు నాగరకుని నివాసమును వర్ణించుచు, పడకగదిలో నాగదంతమునకు తగిలించిన వీణతోపాటు చిత్రఫలకమును, వర్తికల భరిణెను, ఏదో యొక పుస్తకమును ఉండవలెనని చెప్పెను. నాగరకుడు చిత్రకారుడు కాడు. అతని జీవిక వేఱు. అయినను కుంచెలపెట్టె అతని తలగడకు చేతికందు దూరములో ఉండవలెనట. గోడకు తగిలించుకొను పటములు ఎవరివైనను కావచ్చును. చేతికందు పలకమాత్రము తాను గీసికొనుటకే. చిత్రలేఖనమును అఱువదినాలుగు కళలలో చేర్చిన ఆ నాగరికత దానిని శిల్పిశ్రేణులకు మాత్రమే అప్పగించి ఊరకుండలేదు. ఇంటింటి చేతికిని అందునట్లు ఉంచినది.

కాళిదాసు ఇంకను లోతుగా చూచెను. శాకుంతలము ఆఱవ యంకములో దుష్యంతుడు తాను వ్రాసిన శకుంతల చిత్రమును తెప్పించుకొని, ఇంకను వ్రాయవలసినవి ఏమేమో చెప్పును: ఇసుక తిన్నెలమీద హంసల జంటతో మాలినీనది, లేళ్లు పరుండిన హిమాలయపు చఱియలు, కొమ్మలకు నారచీరలు వ్రేలాడు చెట్టు, దానిక్రింద నల్లజింక కొమ్మునకు తన యెడమకన్ను రాచుకొనుచున్న ఆడులేడి. చెవినుండి చెక్కిలిదాక వ్రాలిన శిరీషపుష్పమును వ్రాయలేదనియు, తామరతూటి హారమును వ్రాయలేదనియు అనును. అతడు కోల్పోయిన దానినంతను ఆ వ్రాయని భాగములోనే కాళిదాసు మనకు చూపించెను. కుంచెల పెట్టె తెచ్చుటకు పోయిన చతురికచేతినుండి దానిని రాణి వసుమతి త్రోవలోనే లాగికొనినది. చిత్రము దాచివేయబడినది. నాటకము ముగియువఱకును దుష్యంతుడు ఆ బొమ్మను పూర్తిచేయలేదు. ఆ బొమ్మ పూర్తియై యుండినచో ఆ యంకములో మనకు మిగులునది ఒక అందమైన పటము మాత్రమే. ఆ లేడి కన్నును, ఆ శిరీష కేసరములను ఎంతో కాలము మనసులో వ్రాసికొనుచు ఉండిపోవుటకు అతనికి కలిగిన ఆ అవకాశమునే నేను పదునాలుగేండ్లు వెలకిచ్చివేసితినని అప్పుడు నాకు తెలిసినది.

దూరమేల, మా ఊరి చిత్రకళయే ఒక ఉద్యోగి తీరికలోనుండి పుట్టినది. ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు ఒకప్పుడు ఇక్కడి ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షులుగా నుండిరి. చిత్రకళను బోధించుట వారి యుద్యోగము కాదు. కాని వారు స్వయముగా బొమ్మలు వేసికొనువారు. అభిరుచి కల విద్యార్థులను వెంటబెట్టుకొని గోదావరి గట్లమీద తిరుగుచు చూచుట నేర్పినవారు. అట్లు నేర్చినవారిలో ఒకరు దామెర్ల రామారావుగారు. వారిని బొంబాయి జే. జే. కళాశాలకు పోవునట్లు ప్రోత్సహించినవారును ఆ దొరగారే. 1897లో పుట్టి, 1925లో, ఇరువదియెనిమిదవ యేట, మసూచికమునకు బలియైన ఆ మహనీయుని చిత్రశాల ఈ ఊరిలోనే యుండుట నా భాగ్యము; మనసు కలత పడినప్పుడెల్ల నేనక్కడికే పోదును. కూల్డ్రేగారి శిష్యులలో మఱియొకరు అడివి బాపిరాజుగారు. న్యాయవాదియు, నవలాకారుడును, కవియు అయి, బొమ్మలను తన జీవితములోనుండి ఎన్నడును విడువనివారు. ఆ దొర విద్యార్థులతో నది యొడ్డున తిరిగిన గంటలకు ఎవరును వెలకట్టలేదు.

రవీంద్రుడు తన కవితల వ్రాతప్రతులలో కొట్టివేసిన పంక్తులను ఒకదానితో నొకటి కలుపుచు, ఆ కొట్టివేతలలోనుండి పక్షులను, వింతమృగములను, ముఖములను పుట్టించుట మొదలుపెట్టెను. అరువదియేండ్లు దాటిన తరువాత పూర్తిగా చిత్రలేఖనములో పడి, 1930లో పారిస్ నగరమున తన మొదటి ప్రదర్శనము చేసెను. రెండువేలకు పైగా చిత్రములు ఆయన చేతినుండి వెలువడినవి. కవిగా లోకమంతటికి జవాబుదారియైన ఆ వృద్ధునకు, ఎవరికిని జవాబుదారి కానక్కరలేని ఒక మూల దొరికినందుననే అవి వెలువడినవని నా విశ్వాసము. ఆయన శాంతినికేతనములోనే కళాభవనమునకు ఆచార్యులైన నందలాల్ బోసుగారు, 1938లో హరిపుర కాంగ్రెసు సభకై గాంధీజీ కోరికపై గ్రామజీవన చిత్రములను వేసినవారు, చిన్న కార్డులమీద ఏ మేకపిల్లనో, తాటిచెట్టునో గీసి మిత్రులకును శిష్యులకును తపాలాలో పంపుచుండెడివారు. అంతటివానికి ఆ కార్డు ముక్కతో పనియేమి యని నేను పూర్వము అనుకొనెడివాడను. ఇప్పుడు ఆ కార్డులవల్లనే ఆ పెద్దచిత్రములు ప్రాణముతో నున్నవని అనుకొనుచున్నాను.

ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. బొమ్మలమీద బ్రతుకువారిని నేను తక్కువగా తలంచుచున్నానని ఎవరును అపార్థము చేసికొనరాదు. వడ్డాది పాపయ్యగారు చందమామ, యువ పత్రికలకు వేసిన ముఖచిత్రములు గడువులకు లోబడి వేసినవే. బాపుగారి గీత పత్రికల అవసరములలోనుండి ఎదిగినదే. వారికి చిత్రకళ సర్వస్వము. దినమంతయు, మనసంతయు దానికిచ్చిరి గనుక గడువు వారిని కుంచింపజేయలేకపోయినది. నావంటివానికి ఉన్నది దినములో చివరి రెండు గంటలు. ఆ రెండు గంటలను అమ్ముకొన్నచో నాకు మిగులునది ఏమియు లేదు. వృత్తికళాకారునకు ఇయ్యవలసిన ధరను తగ్గించి అడుగువారిని చూచినచో నాకు కోపము వచ్చును. జీతము చేతనున్న నేను తక్కువ వెలకు పనులు ఒప్పుకొని, ఆ పనిమీదనే బ్రతుకు మా ఊరి ఆర్టిస్టుల నోటికాడ కూడు కొంత తీసితినేమో యను బాధయు నన్ను వదలలేదు. ఇప్పుడు మా యింటికి వచ్చువారికి వారి చిరునామాలే చెప్పుచున్నాను.

తగ్గించుట ఒక్క దినములో జరుగలేదు. చేతిలోనున్న పనులు ఆఱు నెలలు పట్టినవి. ఇద్దరికి అడ్వాన్సు తిరిగి యిచ్చివేసితిని. పత్రికలకు ఉత్తరములు వ్రాసితిని. పెద్దల పటములను మాత్రము పూర్తిగా మానలేదు. ఒకే ఒక పాతఫొటో తప్ప మఱేమియు మిగులనివారు వచ్చినచో, ఏడాదికి ఒకటి రెండు వేయుదును, తొందరపెట్టకూడదను మాటమీద. ఆదాయము తగ్గినది. బొమ్మల డబ్బుతోనే మా యింట కుట్టుమిషను వచ్చినది, పెద్దపిల్లవాని కాలేజీ జీతము నడచినది. ఆ యేడు పెరటివైపు రేకుల పందిరి వేయించవలెనని కూడబెట్టుచుంటిమి. ఈ సంగతి ఇంటిలో చెప్పుటకు నేను జంకితిని. మా యింటావిడ అంతయు విని, "పందిరి వచ్చే ఏడు వేయించుకుందాం లెండి. ఆదివారం మీరు ఇంట్లో ఉంటే ఉన్నట్టుంటుంది" అనినది. పదునాలుగేండ్లు నేను ఇంటిలోనే, బల్లముందు, వంచిన తల ఎత్తకుండ ఉంటిని. ఆ మాట నేను మఱువలేను.

స్వేచ్ఛ చేతికి వచ్చినంతనే బొమ్మలు వచ్చినవనుకొన్నచో పొరపాటు. మొదటి నెలలలో కాగితము ముందుపెట్టుకొని ఊరక కూర్చుంటిని. ఎవరును అడుగనిదే చేయి కదలదాయెను. కదలినప్పుడు, బ్లాకునకు తగిన దిట్టమైన నల్లగీతయే వచ్చుచుండెను. నీడ చూచినంతనే అడ్డగీతలు వాటంతటవే పడుచుండెను. నేను నేర్చిన విద్యయే నన్ను కట్టివేసెను. అప్పుడు ఉక్కుపాళీలను, ఇండియను ఇంకును బీరువాలో పెట్టి తాళమువేసి, మెత్తని పెన్సిలు తీసికొంటిని. మంచి డ్రాయింగు కాగితమును చూచినచో పాడుచేయరాదను భయము పుట్టును గనుక, ఇంటికి వచ్చిన శుభలేఖల వెనుకవైపులనే కత్తిరించి కట్ట కట్టుకొంటిని. పాడైనచో పాడైనది. వాని మీద మొదట చెంబును వేసితిని, మా డ్రాయింగు మాస్టారిని తలచుకొని, సగముగంట ఊరకే చూచిన పిమ్మట. చెంబు అంచున వెలుతురు విరిగి రెండుగా చీలుట, ఇన్నేండ్ల తరువాత, ఆ యుదయమున మరల కనబడినది.

ఇప్పుడు మల్లెలు కట్టుచున్న మా యింటావిడ వ్రేళ్లను వేయుదును. దండ ముగిసి ఆమె లేచిపోవును, మూడు వ్రేళ్లే మిగులును. గేదె తల త్రిప్పుకొనును, ఒక చెవియు కొమ్ము మొదలును మిగులును. ధవళేశ్వరము వైపు పోవు పడవ మలుపు తిరిగి మాయమగును. ఇట్టి సగము బొమ్మలు ఒక రేకుపెట్టె నిండినవి. వానిని నేను పూర్తిచేయను. వాన కురియు సాయంకాలములలో పెట్టె తెఱచి చూచుకొందును. ఆ మూడు వ్రేళ్లకు తరువాతి వ్రేళ్లు ఎట్లుండెనో నాకు కనబడుచునే యున్నది. మా చిన్నమ్మాయి కూడ ఇప్పుడొక కట్ట పెట్టుకొన్నది. దాని బొమ్మలు ఎవరికని నేను అడుగను.

గత మాఘమాసములో ఒక తెల్లవారుజామున కోటిలింగాల రేవులో కూర్చుండి వంతెనను వేయుచుంటిని. మంచు దట్టముగా నున్నది. ఎనిమిది ఖానాలు కనబడినవి, ఎనిమిదే వేసితిని. స్నానమునకు వచ్చిన పెద్దమనిషి ఒకరు వెనుక నిలిచి, చాలసేపు చూచి, "బాగుందండీ. ఎంతకిస్తారు?" అని ఆదరముతోనే అడిగిరి. ఇచ్చునది కాదండీ అంటిని. ఆయన కొంత నొచ్చుకొన్నట్లు తోచినది. నా మాట మొరటుగా వచ్చెనేమో. ఆయన ఈ ప్రసంగము వినుచున్నచో నన్ను మన్నింపవలెను. తక్కిన శ్రోతలకు నా ప్రార్థన ఇది: మీ యింటిలోనో, ప్రక్కయింటిలోనో, రేవులోనో, ఉద్యోగము చేసికొనుచు తీరికవేళ బొమ్మ గీసికొనువారు ఒకరు కనబడినప్పుడు, దానిని ఏ పత్రికకు పంపెదవనియు, ఎంతకిచ్చెదవనియు అడుగకుడు. తీరికయున్నచో ఆ ప్రక్కన కొంచెముసేపు కూర్చుండి, ఆయన చూచుచున్న వైపు మీరును చూడుడు.